ధాన్యకటకము పేరును కంప్యూటరు చదివిన తీరు

అమరావతి స్తూపమునకు ప్రక్కనే ధరణికోట యను గ్రామము కలదు. శాతవాహనుల కాలమున ధాన్యకటకమను మహానగరము వెలసినది ఇచ్చటనే. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు గ్రామములును గుంటూరు జిల్లా నుండి క్రొత్త జిల్లాలోనికి వచ్చినవి. క్రీ. శ. 640 ప్రాంతమున హుయాన్‌త్సాంగ్ అను చీనా భిక్షువు ఈ సీమకు వచ్చెను. ఆయన స్వదేశమునకు మరలి, 646లో తన యాత్రాగ్రంథమును పూర్తి చేసెను. ఆ గ్రంథము పదవ సంపుటములో ఈ రాజ్యము పేరు అయిదు చీనా అక్షరములలో వ్రాయబడి యున్నది.

నరసరావుపేటలో చదువుకొను విద్యార్థి యొకడు ఆ అయిదు అక్షరములను నేడు కంప్యూటరులో గాని, చేతిలోని ఫోనులో గాని ఉంచి, వాని ఉచ్చారణ యేమని అడిగినాడనుకొందము. చీనా లిపిని రోమను లిపిలోనికి మార్చు సాఫ్ట్‌వేరులు పెక్కు ఉన్నవి. అవి క్షణములో ఇచ్చు జవాబు ఇది: తువో-నా-జ్యె-జె-జ్యా. ధాన్యకటకమెక్కడ, తువో-నా-జ్యె-జె-జ్యా ఎక్కడ? యంత్రము పొరబడినదా? భిక్షువు సరిగా వినలేదా? లేక ఆ పేరు మరియొక ఊరిదా?

యంత్రమును పొరబడలేదు, భిక్షువును పొరబడలేదు. ఇద్దరును తమ తమ కాలమునకు నిజమే చెప్పినారు. ఇది బోధపడవలెనన్న చీనా లిపి ఎట్టిదో, దానికి ఉచ్చారణ వ్రాయు యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో కొంత తెలిసికొనవలెను.

అంకెల వంటి అక్షరములు

తెలుగు లిపిలో అక్షరమే ధ్వని. 'మా' అని చూచిన వెంటనే, అర్థము తెలిసినను తెలియకున్నను, 'మా' అని చదువగలము. అందుచేత తెలుగును రోమను లిపిలోనికి మార్చు సాఫ్ట్‌వేరు వ్రాయుట పెద్ద కష్టము కాదు. అచ్చులకు, హల్లులకు, గుణింతములకు ఒక పట్టిక ఉండిన చాలును.

చీనా అక్షరము అట్టిది కాదు. ఒక్కొక్క అక్షరము ఒక మాటను గాని, మాటలో అర్థము గల ఒక భాగమును గాని తెలుపును. ఉచ్చారణకు ఆధారము కొన్ని అక్షరములలో కొంత కనబడును గాని, దానిని నమ్ముకొని చదువుట సాధ్యము కాదు. ఇది మనకు వింతగా తోచవచ్చును. కాని ఇట్టి గుర్తులను మనమును దినదినము వాడుచున్నాము. అంకెలే అవి. '3' అను గుర్తును తెలుగువాడు 'మూడు' అని, హిందీవాడు 'తీన్' అని చదువును. తెలుగులోనే '3 రోజులు' అనునప్పుడు మూడు, '3గురు' అనునప్పుడు ముగ్గురు, '3వ తరగతి' అనునప్పుడు మూడవ. గుర్తు ఒక్కటే, చదువు ప్రక్కనున్న మాటను బట్టి మారుచున్నది. పుస్తకమంతయు ఇట్టి గుర్తులతోనే నిండియున్నదని ఊహించుకొనిన చీనా లిపి సంగతి కొంత తెలియును.

ఇట్టి లిపికి ప్రక్కన ఉచ్చారణ వ్రాయు పద్ధతి యొకటి కావలసి వచ్చెను. పాశ్చాత్యులు తమ తమ భాషల వరుసలో పలు పద్ధతులు కల్పించినారు. ఆ భిక్షువు పేరు మన పాఠ్యపుస్తకములలోను, చరిత్ర గ్రంథములలోను ఒకచోట హుయాన్‌త్సాంగ్ అనియు, ఒకచోట యువాన్ చ్వాంగ్ అనియు, మరియొకచోట జువాన్‌జాంగ్ అనియు కనబడుటకు కారణము ఇదే. ఫ్రెంచి పండితుడు జూలియెన్, ఆంగ్లమున వ్రాసిన బీల్, వాటర్స్ తలకొక విధముగా వ్రాసినారు. పరీక్షలో ముగ్గురు వేరు వేరు యాత్రికులని వ్రాసిన విద్యార్థిని పూర్తిగా తప్పుపట్టుట న్యాయము కాదు.

చీనా ప్రభుత్వము 1958 ఫిబ్రవరి 11న 'పిన్‌యిన్' అను రోమను లిపి పద్ధతిని ఆమోదించినది. ఆ మాటకు 'ధ్వనులను కూర్చుట' అని అర్థము. దీనిని రూపొందించిన సంఘములో చౌ యూక్వాంగ్ అను పండితుడు ముఖ్యుడు. ఆయన 1906లో జన్మించి, 2017లో 111 ఏండ్లు నిండిన మరునాడు మరణించెను. 1982లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ కూడ ఈ పద్ధతిని స్వీకరించినది. ఇందు బీజింగు మాటతీరు ఆధారముగా గల ప్రమాణభాష ఉచ్చారణ మాత్రమే వ్రాయబడును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

చీనా భాషలో పలుకు స్థాయి కూడ అర్థమును నిర్ణయించును. 'మా' అను ధ్వనిని ఎత్తుగా, సమముగా పలికిన 'తల్లి'. పైకి లేవనెత్తి పలికిన 'జనుము'. క్రిందికి దింపి పలికిన 'గుఱ్ఱము'. కొట్టినట్లు జార్చి పలికిన 'తిట్టుట'. ఈ నాలుగింటికి 1, 2, 3, 4 అని సంఖ్యలు వేయుట కలదు. ఈ వ్యాసములో పిన్‌యిన్ రూపములను తెలుగు అక్షరములలో, ప్రక్కన ఆ సంఖ్యతో చూపుట జరిగినది. కాబట్టి మన రాజ్యము పేరు సరిగా వ్రాసిన తువో2-నా4-జ్యె2-జె2-జ్యా1. చీనా ధ్వనులకు తెలుగు అక్షరములు ఉజ్జాయింపు మాత్రమే. ఇందలి జకారము మన జ, చల నడుమ నుండును.

పట్టిక చూచి చదువుట

కంప్యూటరుకు అక్షరము కనబడదు. సంఖ్య మాత్రమే కనబడును. లోకమునందలి లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో 1992లో చీనా అక్షరములు మొదటి విడతగా 20,902 చేరినవి. అవి 19968వ సంఖ్యతో మొదలగును. ఆ మొదటి అక్షరము 'ఒకటి' అను అర్థము గల అడ్డగీత. 'నడుమ' అను అర్థము గల అక్షరము సంఖ్య 20013. దాని ఉచ్చారణ జుంగ్1. చీనావారు తమ దేశమును 'మధ్యరాజ్యము' అందురు గదా, అందలి మొదటి అక్షరము ఇదే.

మార్చు సాఫ్ట్‌వేరులో అన్నిటికంటె సులువైనది చేయు పని ఇంతే: సంఖ్య తీసికొని, పట్టికలో ఎదుట నున్న ఉచ్చారణ వ్రాయును. ఎక్కాల పుస్తకము చూచి జవాబు చెప్పినట్లే. ఇట్టి పట్టిక యూనికోడ్ వారే ఉచితముగా అందరికిని ఇచ్చుచున్నారు.

కంప్యూటరులలో జ్ఞాపకశక్తి మిక్కిలి తక్కువగా నున్న దినములలో దీనికంటె చమత్కారమైన ఉపాయ మొకటి ఉండెడిది. 1980లో చీనాలో ఏర్పరచిన ప్రమాణములో 6,763 అక్షరములకు సంఖ్యలిచ్చిరి. అందు ఎక్కువగా వాడబడు 3,755 అక్షరములను పిన్‌యిన్ అకారాది క్రమములోనే వరుసగా నిలిపిరి. అందుచేత పూర్తి పట్టిక అక్కరలేదు. ఏ ఉచ్చారణ ఏ సంఖ్య దగ్గర మొదలగునో హద్దులు మాత్రము తెలిసిన చాలును. ఒక అక్షరము సంఖ్య ఏ రెండు హద్దుల నడుమ పడినదో చూచి ఉచ్చారణ చెప్పవచ్చును. పేరు మొదటి అక్షరమును బట్టి బడిపిల్లలను వరుసలో నిలబెట్టినప్పుడు, ఒకడు నిలిచిన చోటును బట్టి వాని పేరు ఏ అక్షరముతో మొదలగునో చెప్పుట వంటిది ఇది. మిగిలిన 3,008 అక్షరములు మాత్రము ఉచ్చారణ క్రమములో గాక, అక్షరముల ఆకారములోని మూలభాగముల క్రమములో నుండెను గనుక వానికి ఈ ఉపాయము పనికిరాదు.

ఒక అక్షరము, పెక్కు చదువులు

ప్రతి అక్షరమునకు ఒకే ఉచ్చారణ ఉండిన యెడల కథ ఇంతటితో ముగిసెడిది. అట్లు లేదు. 'నడుమ' అను అర్థమున జుంగ్1 అని చదువబడు అక్షరమే 'గురి తగులు' అను అర్థమున జుంగ్4 అగును. 'నడచు' అను అర్థమున శింగ్2 అని చదువబడు అక్షరము, 'వరుస', 'వ్యాపారశాల' అను అర్థములలో హాంగ్2. బ్యాంకును చీనా భాషలో 'వెండి అంగడి' యందురు, యిన్2-హాంగ్2. దానినే సులువైన పట్టిక యంత్రము యిన్2-శింగ్2 అని చదివి, వెండిని నడిపించును.

ఇట్టి చిక్కు తెలుగులో బొత్తిగా లేదనుకొనరాదు. 'చలి' అనునప్పటి చకారము వేరు, 'చలనము' అనునప్పటి చకారము వేరు. మొదటిది దంత్యము, రెండవది తాలవ్యము. 'జల్లెడ', 'జలము' అను మాటలలోని జకారములును అట్టివే. వ్రాత ఒక్కటే. చదువరికి మాట అచ్చతెలుగో సంస్కృతమో తెలిసియుండుట చేత నోరు దానంతట అదే సర్దుకొనును. తెలుగును బిగ్గరగా చదివి వినిపించు యంత్రమునకు ఈ తెలివి ఎవరో ఒకరు నేర్పవలెను. తెలుగులో రెండు అక్షరములకున్న ఈ చిక్కు చీనా లిపిలో వందల అక్షరములకున్నది.

దీనికి మందు మాటల నిఘంటువు. అక్షరమును ఒంటరిగా చూడక, ప్రక్క అక్షరములతో కలిపి మాటగా చూచి, ఆ మాటకు నిఘంటువులో ఏ ఉచ్చారణ ఉన్నదో దానిని వ్రాయవలెను. 'వెండి అంగడి' అను జంట అందు ఉండును గనుక బ్యాంకు బ్యాంకుగానే ఉండును. పైపిన్‌యిన్ మొదలైన నేటి సాఫ్ట్‌వేరులలో అక్షరముల పట్టికతో పాటు ఇట్టి మాటల పట్టికయు ఉన్నది.

ఇచ్చట మరియొక అవరోధము. చీనా వ్రాతలో మాటకును మాటకును నడుమ ఖాళీ విడువరు. మన తాటాకు గ్రంథములలోను ఇట్లే కదా! 'గుడిలోపలికివచ్చెను' అని తాటాకుపై నున్నదనుకొందము. 'గుడి లోపలికి వచ్చెను' అని విడదీయవచ్చును. 'గుడిలో పలికి వచ్చెను' అనియు విడదీయవచ్చును. రెండును తెలుగే, రెండింటికిని అర్థమున్నది. ముందు వెనుకల కథను బట్టి గాని తేలదు.

చీనాలో దీనికి పేరుపొందిన ఉదాహరణ నాంజింగు నగరమందలి వంతెన. యాంగ్‌సీ నదిపై ఆ వంతెన 1968లో పూర్తియైనది. యాంగ్‌సీ నదిని చీనావారు 'దీర్ఘనది' యందురు, చాంగ్2-జ్యాంగ్1. వంతెన పేరు ఏడు అక్షరములు. 'నాంజింగు నగరము - దీర్ఘనది - మహాసేతువు' అని విడదీసిన సరియైన అర్థము వచ్చును. కాని 'నగరము', 'దీర్ఘ' అను రెండు అక్షరములను కలిపినచో 'నగరాధ్యక్షుడు' అను మాట ఏర్పడును. అప్పుడు 'నాంజింగు నగరాధ్యక్షుడు జ్యాంగ్ దాచ్యావ్' అని యొక మనుష్యుడు పుట్టుకొని వచ్చును! ఇందు గమనింపవలసినది: 'దీర్ఘ' అను ఆ అక్షరము నది పేరులో చాంగ్2, అధ్యక్షుడన్నప్పుడు జాంగ్3. అనగా విభజన తప్పిన ఉచ్చారణయు తప్పును. పదవిభాగము వ్యాకరణ పండితుల పని యని యంత్రనిర్మాత విడిచిపెట్టుటకు వీలులేదు.

యంత్రములు సాధారణముగా అవలంబించు ఉపాయము, నిఘంటువులో దొరికిన మాటలలో పొడవైన దానిని ముందుగా పట్టుకొనుట. 'నాంజింగు నగరము' అను మూడు అక్షరముల మాట నిఘంటువులో ఉన్నచో, రెండు అక్షరముల 'నాంజింగు' దగ్గర ఆగదు. ఇది మోటైన ఉపాయమే గాని పెక్కు చోట్ల పనిచేయుచున్నది. ఇంతకంటె మేలైనది వాక్యమంతయు చూచి నిర్ణయించు పద్ధతి. మనుష్యులు ఉచ్చారణ గుర్తించి పెట్టిన వాక్యములను వేలకొలది యంత్రమునకు చూపి, ఏ పరిసరములో ఏ చదువు వచ్చునో దానిచేతనే నేర్చుకొనజేయుదురు. 2020లో ఇట్టి సాఫ్ట్‌వేరు నొకదానిని తయారుచేసినవారు, పెక్కు చదువులు గల 623 అక్షరములకు సుమారు 99,000 వాక్యములు సేకరించిరి. ఆ పరీక్షలో ఒక వింత తేలినది. ఆలోచన ఏమియు లేక, ప్రతి అక్షరమునకు ఎక్కువగా వచ్చు చదువునే ఎల్లప్పుడును వ్రాసినను నూటికి 92 వరకు సరిపోవుచున్నవి. వాక్యము చూచి నేర్చిన యంత్రము నూటికి 97 దాటినది.

నూటికి 97 అనిన బళ్లో మొదటి మార్కే. కాని మిగిలిన మూడును ఎట్టివో చూడవలెను. అవి తరచుగా అరుదైన పేర్లు, పాత మాటలు, పరదేశపు మాటలు. చరిత్ర చదువువానికి కావలసినవి సరిగా అవే.

బౌద్ధుల మాటలు

సంస్కృతములోని 'ప్రజ్ఞ' అను మాటను చీనా బౌద్ధులు రెండు అక్షరములతో వ్రాసినారు. విడివిడిగా వాని సామాన్యపు చదువు బాన్1, రువో4. కాని ఈ మాటలో మాత్రము బొ1-రె3 అని చదువవలెను. 'నమో' అను మాటకు వాడిన అక్షరముల సామాన్యార్థములు 'దక్షిణము', 'లేదు'. ఒంటరిగా చదివిన నాన్2-వూ2. మంత్రములో మాత్రము నా1-మొ2. మాటల పట్టిక లేని యంత్రము బుద్ధునికి నమస్కరించుటకు బదులు 'దక్షిణము లేదు' అని చదువుచుండును. తుదకు ఆ భిక్షువు పేరులోని రెండవ అక్షరమునకే రెండు చదువులు కలవు: పేరులో త్సాంగ్4, 'బలిసిన' అను వాడుక అర్థమున జ్వాంగ్3.

ఇంకొక రకమున్నది. నాగార్జునకొండ పేరు వినని మాచెర్ల విద్యార్థి ఉండడు. ఆచార్య నాగార్జునుని పేరు చీనా గ్రంథములలో ఎక్కువగా రెండు అక్షరములలో కనబడును. యంత్రము దానిని లుంగ్2-షూ4 అని చదువును. ఈ చదువులో తప్పు లేదు. కాని అందు నాగార్జునుని ధ్వని వెదకిన దొరకదు. అది ధ్వనిని అనుసరించినది కాదు, అర్థానువాదము. మొదటి అక్షరము నాగమునకు బదులు చీనావారి సర్పదేవత, రెండవది అర్జున వృక్షమునకు బదులు 'చెట్టు'. ఇచ్చట ఉచ్చారణ సాఫ్ట్‌వేరు ఎంత మంచిదైనను ఉపయోగము లేదు, నిఘంటువే శరణ్యము.

పదునాలుగు వందల ఏండ్ల దూరము

ఇప్పుడు తువో2-నా4-జ్యె2-జె2-జ్యా1 దగ్గరకు మరల వత్తము. ఇది అర్థానువాదము కాదు. ధ్వనిని పట్టి వ్రాసినదే. అయిదు అక్షరములకును నేటి బీజింగు చదువు అదియే. పిన్‌యిన్ వ్రాయు యంత్రము నేటి ఉచ్చారణ తప్ప మరేమియు చెప్పదు. హుయాన్‌త్సాంగ్ వ్రాసినదో, ఏడవ శతాబ్దపు ఉచ్చారణతో. ఈ నడుమ చీనా భాష ఎంతో మారినది.

టేపురికార్డు లేని కాలపు ఉచ్చారణ ఎట్లు తెలియును? అదృష్టవశమున చీనావారు ప్రాసలను గూర్చి మిక్కిలి శ్రద్ధ గలవారు. క్రీ. శ. 601లో లూ ఫాయెన్ అను పండితుడు ప్రాసల నిఘంటువు నొకదానిని కూర్చెను. హుయాన్‌త్సాంగ్ ఆ ఏటికి ఒకటి రెండేండ్లు అటునిటుగా పుట్టినవాడు. ఆ నిఘంటువులో ఒక అక్షరపు ఉచ్చారణను తెలుపుటకు మరి రెండు అక్షరములు చెప్పుదురు. మొదటిదాని హల్లును, రెండవదాని మిగిలిన భాగమును కలుపుకొనవలెను. 'తూర్పు' అను అక్షరము తొక్, హుఙ్ అను రెండింటి కలయిక యని చెప్పిన తుఙ్ అని తేలును. ఈ సమాచారమును చీనాలోని నేటి మాండలికములతోను, పూర్వము చీనా మాటలను ఎరువు తీసికొనిన జపాను, కొరియా, వియత్నాము భాషలతోను పోల్చి, స్వీడను దేశపు పండితుడు కార్ల్‌గ్రెన్ ఇరువదవ శతాబ్దము మొదటి భాగమున పాత ఉచ్చారణను పునర్నిర్మించెను. తరువాతివారు దానిని సవరించుచు వచ్చిరి. వారి పట్టికల ప్రకారము ఆ అయిదు అక్షరముల నాటి చదువు రమారమి ఇట్లుండును: ద, న, క్యత్, టక్, క్య.

కలిపి చదువుడు: ద-న-కత్-టక్-క. ధానకటక! నాలుగవ అక్షరమునకు మొదట సరిగా మన టకారమే ఉన్నది. చీనా అనువాదకులు సంస్కృతపు మూర్ధన్యములకు ప్రత్యేకముగా ఒక వర్గపు అక్షరములనే ఏరి వాడెడివారు. మూడవ అక్షరము చివర తకారము, నాలుగవదాని మొదట టకారము. నాలుగవదాని చివర కకారము, అయిదవదాని మొదట కకారము. అతుకులు కనబడకుండ వడ్రంగి చెక్కలు కూర్చినట్లు ఒక అక్షరపు చివరను రెండవదాని మొదటికి సరిపుచ్చినారు. మహాప్రాణమైన ఘోషాక్షరము చీనాలో లేదు గనుక ధకారమునకు దకారము వాడవలసి వచ్చెను.

మరి ఇది తువో-నా-జ్యె-జె-జ్యా ఎట్లయ్యెను? మార్పులు మూడు. మొదటిది, అక్షరము చివరనుండు త, క, ప అను పొల్లు హల్లులు ఉత్తర చీనా మాటతీరులో పూర్తిగా రాలిపోయినవి. కాంటను ప్రాంతపు భాషలో ఇప్పటికిని అవి నిలిచియున్నవి. రెండవది, పాత దకారము కొన్ని చోట్ల ఒత్తు గల తకారమయ్యెను. మూడవది, తాలవ్యపు అచ్చుల ముందు కకారము చ-జల వంటి ధ్వనిగా మారెను. ఈ మూడవదానికి దూరదేశపు నిదర్శనము అక్కరలేదు. కన్నడములో 'కివి' యనునది తెలుగులో 'చెవి'. వారి 'కెరె' మన 'చెఱువు'. తెలుగు నోట ఎప్పుడో జరిగిన పనియే చీనా నోటను జరిగినది. పాత భూగోళ పుస్తకములలోని పీకింగు నేడు బీజింగు అగుటలో కకారము జకారమైనది ఈ దారినే.

జపానువారు ఈ అక్షరములను ఇప్పటికిని ద, న, కత్సు, తకు, క అని చదువగలరు. ఎరువు తెచ్చుకొన్న ఇంటిలో వస్తువు చెక్కుచెదరక, సొంత ఇంటిలోనే అరిగిపోవుట భాషా చరిత్రలో అరుదు కాదు.

జూలియెన్ 1850 తరువాతి సంవత్సరములలో హుయాన్‌త్సాంగ్ గ్రంథమును ఫ్రెంచిలోనికి తెచ్చునాటికి ఈ పునర్నిర్మాణము లేదు. ఆయన మరియొక దారి త్రొక్కెను. సంస్కృత మూలము తెలిసిన చీనా మాటలను ఏరి, ఏ చీనా అక్షరము ఏ సంస్కృత ధ్వనికి బదులుగా వాడబడినదో పట్టిక తయారుచేసి, దానితో తెలియని పేర్లను విప్పెను. ఆ పద్ధతిని 1861లో గ్రంథముగా ప్రకటించెను. నేటి సాఫ్ట్‌వేరు నిర్మాత చేయు పనికిని, ఆయన చీటీలపై చేసిన పనికిని స్వభావములో భేదము లేదు. అక్షరము ఎడమ ప్రక్క, ధ్వని కుడి ప్రక్క. పట్టిక మాత్రము వేరు.

పట్టిక వేరైన జవాబు ఎట్లు మారునో చూచుటకు ఈ ప్రాంతపు ఉదాహరణ మరియొకటి కలదు. ధాన్యకటక రాజధానికి తూర్పున నొకటి, పడమట నొకటి కొండల నానుకొని రెండు సంఘారామములున్నట్లు హుయాన్‌త్సాంగ్ వ్రాసెను. తూర్పుదాని పేరును నేటి యంత్రము ఫు2-పో2-షి4-లువో2 అని చదువును. పాత పట్టిక ప్రకారము పుత్-బ-శేయ్-ల. ఇది పూర్వశైలము. ఆ కాలపు చీనా అనువాదకులు సంస్కృతపు రేఫ పొల్లునకు తకారాంతమగు అక్షరమును వాడుట కలదు గనుక 'పుత్' అనగా 'పుర్' అని తీసికొనవచ్చును. లేక భిక్షువు వినినది ప్రాకృతమైనచో 'పుబ్బ' యనవచ్చును. ధరణికోట స్తంభశాసనములో అక్కడి బౌద్ధులకు పుబ్బసేలియులను పేరే కనబడుచున్నది. గ్రంథములో ఆ పేరు ప్రక్కనే 'తూర్పు కొండ' యని అర్థము కూడ వ్రాసియుంచుటచేత ఈ చోట సందేహమునకు తావు లేకపోయెను. ప్రతి పేరునకును అర్థము వ్రాసియుంచినచో పండితుల పని ఎంత తేలికయయ్యెడిదో!

పాత ఉచ్చారణ పట్టికలును నేడు కంప్యూటరులో దొరకుచున్నవి. కావున పల్నాటి ఉపాధ్యాయుడు తరగతిలోనే ఈ పరీక్ష చేయించవచ్చును. యాత్రాగ్రంథము చీనా మూలమును తెచ్చి, అందలి పదవ సంపుటములోని ఊరిపేర్లను మొదట పిన్‌యిన్ యంత్రమునకు, తరువాత పాత పట్టికకు ఇచ్చి, రెండు జవాబులను ప్రక్కప్రక్కన వ్రాయించవలెను. 'ప్రజ్ఞ', 'నమో' అను మాటల చీనా అక్షరములను కూడ ఇచ్చి చూచిన, చేతిలోని సాఫ్ట్‌వేరుకు మాటల పట్టిక ఉన్నదో లేదో వెంటనే తెలిసిపోవును.

పట్టికలు రెండును ఉన్నను తేలని ప్రశ్న యొకటి మిగిలియున్నది. నరసరావుపేట ప్రాంతమున మైదవోలులో దొరకిన పల్లవ శివస్కందవర్మ ప్రాకృత తామ్రశాసనములో ఈ నగరము పేరు 'ధంఞకడ' యని యున్నది. అది హుయాన్‌త్సాంగ్ రాకకు సుమారు మూడు వందల ఏండ్ల ముందటిది. సంస్కృతములో చెప్పవలెనన్న 'ధాన్యకటక'. చీనా రెండవ అక్షరములో మాత్రము ఞకారమును లేదు, న్యకారమును లేదు, ఒట్టి నకారమే. ఞకారమునకు తగిన అక్షరములు చీనాలో లేకపోలేదు. ఇంత నేర్పుతో టకారమును పట్టిన చెవి దీనిని విడిచినదా, లేక 640 నాటికి ఊరివారే 'ధనకటక' మనుచుండిరా?